జవాబు రాని నాలుగు చుట్లు

నీటి సరఫరా కంట్రోల్ గదిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ తిరగచెప్పమ్మ. ఇరవై ఆరేళ్ళ కిందట టెలిఫోన్ ముందు కూర్చున్న రోజు నుంచీ ఆవిడది ఒకటే పద్ధతి. పన్నెండు కిలోమీటర్ల దూరంలో జలాశయం గేటు దగ్గరున్న మనిషికి "నాలుగు చుట్లు తెరువు" అని చెప్పాక, అతను ఆ మాట తన నోటితో తిరిగి చెప్పేదాకా ఫోను పెట్టనిచ్చేది కాదు. మధ్యలో లైను తెగిందా, చెప్పింది మళ్ళీ చెప్పేది కాదు. "గేటు ఇప్పుడు ఎన్ని చుట్ల మీదుంది?" అని అడిగేది. అతను అసలు వినలేదో, విని తిప్పాడో, తిప్పి ఆ సంగతి మనకు చెప్పలేకపోయాడో తెలియకుండా మళ్ళీ నాలుగంటే ఎనిమిదవుతుందని ఆవిడ భయం.

ఇంట్లోనూ ఇదే వరస. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. ఇప్పుడతను అదే ఆఫీసులో పైపుల ఫిట్టరు. అంతటి మనిషి కూడా ఉప్పు తెమ్మంటే ఉప్పు తెస్తానని ఒప్పజెప్పి గాని గడప దాటడానికి వీల్లేదు. బళ్ళో పంతులు కూడా తనచేత ఇన్నిసార్లు ఒప్పజెప్పించలేదని అతను వాపోయేవాడు.

గేట్లకు మోటార్లు వచ్చాక టెలిఫోన్ తీసేశారు. ఆవిడ నలభై ఒకటో ఏట, తన వయసులో దాదాపు సగం ఉన్న ఇంజనీరు పక్కన కూర్చుని ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. అతన్ని గదిలో అందరూ చిన్నసారు అంటారు. గేటు తయారుచేసినవాళ్ళు క్లయింట్ లైబ్రరీ అనే ప్రోగ్రాం ఒకటి ఇచ్చారు. ఇక్కడ కంప్యూటర్లో 'తెరువు, నాలుగు' అని ఒక్క వరుస రాస్తే చాలు. అది ఆ మాటను మూటగట్టి, మొబైల్ టవర్ మీదుగా గేటు మోటారుకు చేరవేసి, అది ఇచ్చే జవాబును తెచ్చి ముందు పెడుతుంది. పక్క కుర్చీలో మనిషికి చెప్పినంత సులువు. మొదట్లో ఆ సులువే ఆవిడకు నచ్చలేదు. పన్నెండు కిలోమీటర్లూ ఎక్కడికీ పోలేదు, కంటికి కనపడకుండా పోయాయంతే అనేది.

ఐదేళ్ళలో నచ్చింది. నచ్చడమే ముప్పయింది. వారం రోజులుగా టవర్ నీరసించి, తెర మీద మాటిమాటికీ 'జవాబు లేదు' అని ఎర్ర అక్షరాలు పడుతున్నాయి. నిన్న సాయంత్రం విసుగెత్తి లైబ్రరీ సెట్టింగుల్లో ఒక అంకె మార్చింది. జవాబు రాకపోతే లైబ్రరీ తనంతట తానే మళ్ళీ పంపాలి, మూడుసార్లు. ఇరవై ఆరేళ్ళ పద్ధతిని ఒక్క అంకెతో గట్టున పెట్టి ఇంటికెళ్ళిపోయింది.

జలాశయం కింద, గేటులోంచి నీళ్ళు పడేచోట, పెద్ద తొట్టి ఉంది. అందులోంచి రెండు పైపులు బయల్దేరతాయి. తొట్టి మధ్యలో అడ్డుగోడ. ఈ ఉదయం ఎడమ పైపులో నీళ్ళు పారుతున్నాయి. కుడి పైపును ఎండగట్టి లోపల ముగ్గురు తుప్పు గీకుతున్నారు. ఆ ముగ్గురిలో ఒకడు తమ్ముడు. పొద్దున బయల్దేరేటప్పుడు అతనిచేత ఒప్పజెప్పించింది కూడా. "సైరన్ మోగితే చేతిలోది అక్కడే పడేసి నిచ్చెనెక్కుతా. చాలా, పాటగా పాడమంటావా?" అని పోయాడు.

గేటు పది చుట్లు దాటితే నీళ్ళు గోడెక్కి కుడివైపుకు దూకుతాయి. ఇప్పుడు నాలుగు మీదుంది. పదకొండు గంటలకు ఊళ్ళో వాడకం పెరిగింది. ఇంకో నాలుగు తెరిస్తే ఎనిమిది. గోడకు రెండు చుట్ల ఎడం ఉంటుంది.

ఆవిడ మీట నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. మామూలుగా పది సెకన్లకు ఎర్ర అక్షరాలు పడతాయి. ఇవాళ పడలేదు. నలభై సెకన్లకు పడ్డాయి. ఇంతసేపు ఎందుకు పట్టిందా అనుకుంటుండగానే నిన్న మార్చిన అంకె గుర్తొచ్చింది. ఆ మాట ఒక్కసారి కాదు, నాలుగుసార్లు వెళ్ళింది.

వెళ్ళింది సరే, ఎన్ని చేరాయి? ఒక్కటీ చేరకపోతే గేటు నాలుగు మీదే ఉంది. ఒకటి చేరితే ఎనిమిది. రెండు చేరినా గోడ దాటినట్టే. నాలుగూ చేరితే ఇరవై.

చిన్నసారుకు చెప్పింది. అతను కీబోర్డు మీదికి వంగాడు. "వెనక్కి పన్నెండు తిప్పమందాం మేడం."

"అది వరుసలో చివర నిలబడుతుంది సార్. ముందు చెప్పినవన్నీ తిప్పేదాకా మోటారు మన మాట వినదు."

చుట్టుకు అర నిమిషం. నాలుగు నుంచి పదికి మూడు నిమిషాలు. అప్పటికే ఒకటి అయిపోయింది. పైపు మూత దగ్గర కాపలా ఉన్న మేస్త్రీకి చిన్నసారు ఫోను చేస్తే అందుబాటులో లేదంది. ఆ ఫోనుకూ ఈ గేటుకూ ఒకటే టవర్ మరి. జీపు పంపితే ఇరవై నిమిషాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

పాత రోజుల్లో లైను తెగితే ఏం చేసేదో అదే చేసింది. ఎన్ని చుట్ల మీదున్నావని గేటును అడిగింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక మిగిలింది సైరన్. అది తొట్టి గోడ మీద, గేటుతో పొత్తు లేకుండా విడి పెట్టెలో ఉంటుంది. లైబ్రరీలో దానికీ ఒక వరుస ఉంది, 'మోగు' అని. పంపింది. జవాబు లేదు. మళ్ళీ పంపబోతే చిన్నసారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ళీ మళ్ళీ పంపే కదా మేడం ఇంత పని జరిగింది."

"గేటు సంగతి వేరు సార్. మోగేదాన్ని మోగమంటే పోయేదేముంది? వందసార్లు చెప్పినా ఒకసారి చెప్పినట్టే."

అతను చెయ్యి తీసేశాడు. ఆవిడ పంపింది. మళ్ళీ పంపింది. విన్నారో లేదో తెలియకుండా చెప్పిందే చెప్పడం ఆవిడకు ఇదే మొదటిసారి. చిన్నసారు గోడ గడియారం చూస్తూ గొణుగుతున్నట్టు చుట్లు లెక్కపెడుతున్నాడు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది దగ్గర లెక్కపెట్టడం మానేశాడు. ఆ తర్వాత గదిలో మీట చప్పుడొక్కటే మిగిలింది. ఆ ముగ్గురూ పైపులో మూత నుంచి యాభై అడుగులు లోపలికి ఉంటారు. నిచ్చెనకు పద్దెనిమిది మెట్లు. మీట నొక్కినప్పుడల్లా ఆవిడ ఒక్కో మెట్టు లెక్కపెట్టుకుంది.

పదకొండూ తొమ్మిది నిమిషాలకు టవర్ తేరుకుంది. ఆగిపోయిన జవాబులన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. గేటు ఇరవై చుట్ల మీదుంది. నాలుగు మాటలూ చేరాయి, దేన్నీ వదలకుండా పాటించింది. కింద సైరన్ జవాబులు బారులు తీరాయి. అన్నిటికంటే మొదటిదాని పక్కన పదకొండూ రెండు అని ఉంది. మొదటి పిలుపుకే మోగిందన్నమాట. దాని జవాబే ఇటు రాలేదు.

మోగింది. బయటికి వచ్చారా?

ఆవిడ ఫోను మోగింది. అవతల నీళ్ళ హోరు.

"అక్కా, ఆ సైరన్ ఆపించవే, చెవులు చిల్లులు పడుతున్నాయి. పైపు నిండా నీళ్ళే. నా కొత్త చెప్పులు ఊరికి వచ్చేస్తున్నాయి, ఫిల్టర్ దగ్గర పట్టుకో."

ఆవిడ చెప్పుల మాట పట్టించుకోలేదు. "ఎంతమంది పైనున్నారు?"

"ముగ్గురం."

"తిరిగి చెప్పు."

ఈ మాట వింటే ఎప్పుడూ వెక్కిరించేవాడు, ఈసారి వెక్కిరించలేదు. "ముగ్గురం పైనే ఉన్నామక్కా," అన్నాడు నింపాదిగా. ఇంకోసారి చెప్పమంటే ఇంకోసారీ చెప్పాడు.

ఆవిడ ముందు గేటు మూయించి, తర్వాత సైరన్ ఆపింది. నిన్న మార్చిన అంకెను సున్నా చేసింది. తెరిచే వరుసను కొట్టేసి, 'ఎనిమిది మీద నిలబడు' అని చెప్పేలా కొత్తది రాయడం మొదలుపెట్టింది. అలాగైతే ఎన్నిసార్లు వెళ్ళినా గేటు ఎనిమిది దాటదు.

మధ్యాహ్నం నివేదిక కాగితం వచ్చింది. తప్పు టవర్‌దని రాసేద్దామని, ఎవరూ అడగరని చిన్నసారు మెల్లగా అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. సెట్టింగు మార్చింది ఎవరు అన్నచోట, గదిలో ఎవరికీ గుర్తులేని తన అసలు పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.