పోపు మానేసిన ఇల్లు

మొన్న ఏడాదికోసారి చేయించుకునే పరీక్షకు వెళితే, ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే "మీతోని ఎవరొచ్చిండ్రమ్మా?" అని అడిగింది. ఎవరూ రాలేదు, ఆటో ఎక్కి నేనే వచ్చానంటే అప్పుడు తలెత్తి జాలిగా చూసింది. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఇదే జబ్బుకు మందు ఎక్కించుకోవడానికి వస్తే, నా వెంట దిగిన మందిని చూసి నర్సమ్మ పెళ్ళివారనుకుందని ఆ పిల్లకు ఎవరు చెబుతారు? మన ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

అప్పట్లో మాది పురానాపూల్ దగ్గర కింద స్టీలు గిన్నెల దుకాణం, పైన కాపురం. మాకు పిల్లలు లేరు గాని అత్తమ్మ, మరుదులు, తోడికోడళ్ళతో ఇల్లెప్పుడూ కళకళలాడుతూనే ఉండేది. రొమ్ములో గడ్డ కేన్సరని తేలి, ఆపరేషనై, మందు ఎక్కించడం మొదలయ్యాక, నా ముందు ఎవరూ కంటతడి పెట్టకూడదని వాళ్ళంతా కూడబలుక్కుని ఒట్టు పెట్టుకున్నారు. నా గది గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకుని, మొహాన నవ్వు పులుముకుని లోపలికి వచ్చేవారు. జన్మలో నాతో ఒక్క హాస్యమాడి ఎరగని మా ఆయన సైతం, దుకాణంలో విన్న కబుర్లన్నీ మోసుకొచ్చి, చెప్పి, తానే నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆయన వెళ్ళగానే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఇంటినిండా మనుషులుండీ, భయమేస్తోందని చెప్పుకోవడానికి ఒక్కరూ లేకపోవడమంత ఏకాకితనం ఇంకొకటి లేదు.

మందు ఎక్కిన రోజుల్లో నాకు వాసనలు గిట్టేవి కావు, అందులోనూ పోపు వాసన. నూనెలో ఎండుమిర్చి, వెల్లుల్లి పడగానే కడుపులో దేవి, తాగిన మంచినీళ్ళు కూడా బయటికొచ్చేవి. ఒక మధ్యాహ్నం పళ్ళెంలో పప్పు చప్పగా ఉడకబెట్టిన ముద్దలా ఉంటే, అప్పుడు గమనించాను, వంటింట్లోంచి చుయ్‌మనే చప్పుడు వినిపించి చాలా రోజులైంది. మన ఇళ్ళలో పోపు ఎప్పుడు మానేస్తారు? మనిషి పోయినప్పుడు, ఆ మైల రోజుల్లో. వీళ్ళంతా పైకి నవ్వుతూనే నన్ను అవతలికి సాగనంపేశారనుకున్నాను. ఇక మందుకు వెళ్ళేది లేదని, చచ్చినదానికి మందెందుకని అప్పుడే నిశ్చయించుకున్నాను.

సాయంత్రం, మర్నాటి ప్రయాణానికి ఆసుపత్రి సంచీ సర్దుతున్న అత్తమ్మ మీద విరుచుకుపడ్డాను. "నేనింకా సావలేదు అత్తమ్మా! అప్పుడే పోపెందుకు మానిండ్రు? నేను దవాఖానకు రాను, పోండ్రి!"

అత్తమ్మ సంచీ అక్కడే పడేసింది. "నీ నోరు పడిపోను, గట్లంటవేందే! వాసనకు నువ్వు కక్కుకుంటుంటె సూడలేక మానేసినం బిడ్డా" అంటూ నా పక్కన కూలబడి, ఒట్టూ గిట్టూ మరిచి బావురుమంది. గుమ్మంలో నిలబడ్డ మా ఆయనా ఏడ్చారు. నాకు భయంగా ఉందన్నాను. తనకూ భయంగానే ఉందన్నారాయన. అయ్యో, ఆ ఒక్క మాటకు నాకెంత ప్రాణం లేచొచ్చిందో!

ఆ లొల్లి విని ఎదురింటి ముస్లిం ఆవిడ, నేను పిన్ని వరసన ఖాలా అని పిలిచే ఆమె, పరుగెత్తుకొచ్చింది. సంగతంతా విని, "గింత దానికి ఫికరెందుకు ఆపా? పప్పు గిన్నె పట్టుకొని మా ఇంటికి రా, మా పొయ్యి మీద బగార పెట్టుకో" అని అత్తమ్మతో తేల్చేసింది. మనం పోపంటే వాళ్ళు బగార అంటారు. మర్నాడు నేను మారు మాట్లాడకుండా మందుకు వెళ్ళాను, అత్తమ్మ పప్పు గిన్నెతో ఖాలా ఇంటికి వెళ్ళింది.

అప్పటినుంచి రోజూ అత్తమ్మ గిన్నె మీద మూతపెట్టి, కొంగుతో పట్టుకుని గల్లీ దాటేది. అక్కడ పోపు పెట్టి, ఘాటు తగ్గేదాకా కూర్చుని కబుర్లాడి వచ్చేది. ఆ కబుర్లు ఒక పట్టాన తెమలక, ఇక్కడ మగవాళ్ళు ఆకలికి నకనకలాడేవారు. రంజాన్ నెలలో రోజా ఉండి కూడా, నోట్లో పచ్చి మంచినీళ్ళైనా పోసుకోకుండా, ఖాలా మా పప్పుకు వెల్లుల్లి దంచి ఇచ్చేది. జుట్టు ఊడిన తల మీద కొంగు కప్పుకుని నేను కిటికీలోంచి చూసేదాన్ని. ఆ మధ్యాహ్నాలు పొడుగ్గానే ఉండేవి, నా నొప్పి నేనే పడాల్సి వచ్చేది. కాని ఆ గిన్నె గల్లీ దాటి తిరిగి వస్తుంటే, ఈ ఇల్లు నన్నింకా బతికున్న మనుషుల్లోనే లెక్కేసిందని కడుపు నిండేది.

బతికాను. వాళ్ళే వెళ్ళిపోయారు, ముందు అత్తమ్మ, తర్వాత ఆయన. మరుదులు దుకాణం పంచుకుని తలో దిక్కుకు చేరారు. ఖాలా వాళ్ళు ఇల్లమ్ముకుని ఫలక్‌నుమా వైపు వెళ్ళారని విన్నాను, ఆ తర్వాత జాడ తెలియలేదు. నేను రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నాను. ఇప్పుడు మందులు మెరుగయ్యాయట, మునుపటంత వాంతులు ఉండవట, సంతోషమే. ధైర్యంగా ఉండమని పూలబొమ్మలతో ఫోనులో సందేశాలొస్తాయి, దూరాన ఉన్నవాళ్ళు పాపం ఇంకేం చేస్తారు, నేనూ తిరిగి ఒక నమస్కారం పంపిస్తాను. వంట మాత్రం పోపు లేకుండానే కానిచ్చేస్తున్నాను. వాసన పడక కాదు, ఇంట్లో ఎవరూ పోనూ లేదు. గుప్పెడు పప్పుకు, ఒక్కదాని నోటికి, నూనె కాచడానికి చెయ్యి రాదు. ఎందుకు మానేశావని విరుచుకుపడడానికైనా ఇంట్లో ఇంకొక మనిషి ఉండాలి కదా.