మామ వేటకు పోలేదు

మా మేనమామ పోయాడు. లింగాల దగ్గర మా ఊళ్లో, తెల్లవారకముందే చేనుకు పోతుంటే, అడవి పందుల కోసం పక్క చేనాయన కట్టిన కరెంటు తీగ కాలికి తగిలి పోయాడు. పక్కన మామ ఎయిర్ రైఫిల్ పడి ఉంది. అది చూసి మర్నాడు పేపర్లో ‘పందుల వేటకు వెళ్లి రైతు మృతి’ అని వేశారు. మీలో ఎవరైనా అది చదివి, అట్లాంటి పనులకు పోతే అంతే అనుకుని పేజీ తిప్పి ఉంటే, ఈ నాలుగు మాటలు మీ కోసమే. నాకు ఏడుపు ఇంకా రాలేదు. కోపమే వస్తోంది.

మామ తన జీవితంలో ఒక్క జంతువును కొట్టలేదు. ఆయన కొట్టింది ఒక ఇనుప డిస్కును. ట్రాక్టరు నాగలి నుంచి ఊడదీసిన పాత డిస్కు అది. పల్లిచేనుకు అవతలి గట్టున రెండు వేపకర్రలు పాతి, గొలుసుతో వేలాడదీశాడు. పందులు అటువైపు నుంచే దిగుతాయి. మోకాలి నొప్పితో మామ అంత దూరం ఉరకలేడు. అందుకని ఇవతల మంచె మీద కూర్చుని ఎయిర్ రైఫిల్‌తో ఆ డిస్కును గురిపెట్టి కొట్టేవాడు. అది బడిగంటలా ఖంగుమనేది, పందులు వచ్చిన దారినే పోయేవి. ఊళ్లో నవ్వుకున్నారు. పక్క చేనాయనైతే మొహం మీదే అడిగాడు.

“ఇనుమును కొడితే పందులు సస్తయా అన్నా?”

“సచ్చుడెందుకురా? పోతె సాలు.”

మొదట్లో రైఫిల్‌లో మామూలు పెల్లెట్లు, అంటే చిన్న సీసం గుళ్లు వేసేవాడు. పెల్లెట్టుకు డమరుకంలా సన్నటి నడుము ఉంటుంది, వెనక బోలుగా ఉంటుంది. మా మెట్టచేలల్లో గాలి లేచిందంటే అవి డిస్కు దాకా పోయేసరికి ఎటో కొట్టుకుపోయేవి. అందుకని స్లగ్గులు తెప్పించాడు. స్లగ్గుకు నడుము లేదు, చిన్న తూటాలాంటి నిండు సీసం ముక్క, గాలికి అంత తొందరగా లొంగదు. కానీ దానికి పొగరెక్కువ. బారెల్‌తో కుదిరితే ఒకచోటే పడుతుంది, కుదరకపోతే పెల్లెట్టు కన్నా అధ్వానంగా చెదిరిపోతుంది. మామకు చెదిరిపోయాయి.

స్ప్రింగు ఒకేసారి గట్టిగా బిగించి దమ్ము పెంచమని అందరూ సలహా ఇచ్చారు. మామ వినలేదు. ముందు బారెల్‌లో గుడ్డ లాగి, పేరుకున్న సీసం తుడిచి, అట్టముక్క మీద కొట్టి చూశాడు. తర్వాత లోపలి సుత్తిని తోసే స్ప్రింగు మరను కొంచెం తిప్పాడు, మళ్లీ అట్టముక్క. ఇంకొంచెం, మళ్లీ అట్టముక్క. చేతిపంపుతో రైఫిల్‌లోకి గాలి నింపీ నింపీ భుజం పట్టేసింది. అన్నీ ఒకేసారి చేస్తే పనైపోతుంది కదా మామా అన్నాను.

“ఒకపారి ఒక్కటే మార్చాలె బిడ్డా. రెండు మారిస్తే ఏది జేసిందో ఎట్ల తెలుస్తది?”

స్లగ్గులన్నీ ఒకే బరువు లేవని అనుమానం వచ్చి, డబ్బా జేబులో వేసుకుని, బస్సెక్కి వనపర్తిలో నా దగ్గరికి వచ్చాడు. నేనక్కడ బట్టలు కుడతాను. మా షాపు పక్కనే కంసాలి కొట్టు. ఏం బంగారం తెచ్చినవని కంసాలి అడిగితే, “సీసం. జర మంచిగ తూచు, తరుగు తియ్యకు” అన్నాడు. బరువు కలిసినవి ఒక పక్క, కలవనివి ఒక పక్క పెట్టుకున్నాడు. నా దగ్గర టీ తాగుతూ కుట్టుమిషన్ చప్పుడు విని, దారం బిగుతు సరిగా లేదని మర తిప్పి పోయాడు. ఆ మిషన్‌ను ఇప్పటికీ ఎవరినీ ముట్టుకోనివ్వను.

తర్వాత ఒక పొద్దున ఫోన్ చేశాడు. ఖంగుమని వినిపించింది. కాసేపటికి మళ్లీ ఖంగుమంది. “గాలి మస్తుగున్నది. అయినా తాకుతున్నది బిడ్డా” అన్నాడు. మనవడు పుట్టినప్పుడు కూడా ఆయన గొంతులో అంత సంతోషం వినలేదు.

డిస్కు వెనక మట్టి కుప్ప కూడా ఆయనే మోసి పోశాడు. “డిస్కును ఎవలైనా సూస్తరు. దాని ఎనుక ఏమున్నదో సూడాలె” అనేవాడు. గొర్లకాపరి దూరాన కనిపించినా రైఫిల్ దించి, అతను దాటిపోయేదాకా బీడీ కాలుస్తూ కూర్చునేవాడు.

అట్లాంటి మనిషిని, ఎదురుగా వచ్చేది పందో మనిషో చూడని తీగ చంపింది. పక్క చేనాయన బాధ నిజమే, కాదనను. పందులు ఆయన పంటనూ తవ్విపోశాయి. కానీ అందరూ నడిచే గట్టుకు అడ్డంగా, మోటరు స్టార్టరు నుంచి కరెంటు లాగి, తీగ కట్టి, ఇంటికి పోయి పడుకున్నాడే, ఆ నిద్రను నేను క్షమించను. తీగ సంగతి తెలిసి కూడా ఊరుకున్న ఊరినీ క్షమించను.

పేపరువాళ్లు కూడా ఒక్కటే మార్చారు. కాపలా అని ఉండాల్సిన చోట వేట అని పెట్టారు. ఊరి పేరు, వయసు, మిగతా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఒక్క మాటతో తప్పంతా చచ్చిపోయినవాడి మీదికి వచ్చింది.

దినాలనాడు భోజనాలయ్యాక ఊరి పెద్దమనుషులు అత్తమ్మ చుట్టూ కూర్చున్నారు. పోలీసులు అడిగితే వేటకే పోయాడని చెప్పమన్నారు.

“పోయినోడు ఎట్లా రాడు. తీగ గట్టినాయన పిల్లలు గలోడు. ఒక్క మాటనే గదమ్మా” అన్నాడు ఒకాయన. మా ఇంట్లో తిన్న చెయ్యి ఇంకా ఆరలేదు ఆయనకు. నాకు ఒళ్లు మండి లేచాను. అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

“ఒకపారి డిస్కుకాడికి పోయొద్దాం రండ్రి” అంది.

పోయాం. డిస్కు నడుమ అరచేయంత మేర సీసం అంటుకుని మెరుస్తోంది. అంచుల దగ్గర తుప్పు చెక్కు చెదరలేదు. కింద నేలంతా పందుల అడుగులు, వాటి పిల్లల అడుగులతో సహా.

“గిండ్ల ఏట ఏడున్నదో సూపియ్యిండ్రి” అంది అత్తమ్మ. “నేనైతె కాపలకు పోయిండనే చెప్త.”

పెద్దమనుషులు వెనక్కి తిరిగారు. పోతూ పోతూ, బాగా ఆలోచించుకొమ్మని చెప్పే పోయారు.

మేమిద్దరం డిస్కు దగ్గరే ఉండగా పొద్దుగూకింది. రైఫిల్ పోలీస్ స్టేషన్‌లో ఉంది. కేసు తేలలేదు, పక్క చేనాయన తన చేనులో నీళ్లు పెట్టుకుంటున్నాడు. అవతలి తుప్పల్లోంచి పందులు బయటికొచ్చాయి. అత్తమ్మ కొంగు నడుముకు దోపి, గట్టు మీద రాయి అందుకుని డిస్కును కొట్టింది. ఆ మొదటి దెబ్బకే పందులు వెనక్కి ఉరికాయి. పక్క చేనాయన చేతిలో పారతో అట్లాగే నిలబడిపోయాడు. అత్తమ్మ ఆయన వైపే చూస్తూ, డిస్కును కొడుతూనే ఉంది.