నీలిమంటను నమ్మిన మేనత్త

మా మేనత్త పోయింది. ఆ కబురు చెప్పడానికి బాపు హనుమకొండలో నా హాస్టల్‌కు వచ్చాడు. గేటు దగ్గర నిలబడి "అక్క పోయింది బిడ్డా" అన్నాడు. ఆయన నోట్లోంచి సార వాసన వచ్చింది. ఆ తాగుడు మాన్పించడానికే అత్తమ్మ తన ఆఖరి ఏండ్లన్నీ ఆయనతో కొట్లాడింది.

ఆమె పుట్టింది పరకాల దిక్కు పల్లెలో. ఎండిన ఇప్పపువ్వును బెల్లంనీళ్లలో నానబెట్టి, అది బుసబుస పొంగాక పొయ్యి మీద కాచి, ఆవిరిని చల్లార్చి సార దించడం తల్లి దగ్గర నేర్చుకుంది. మొదటి ధార ఎవరినీ తాగనిచ్చేది కాదు. కొంచెం భూమికి వదిలి, కొంచెం రాయి మీద పోసి అగ్గిపుల్ల గీసేది. "నీలంగ మండితే అసల్, మండకుంటే నీళ్లు" అనేది. ఆబ్కారీ వాళ్లు కుండలు పగలగొట్టాక ఆ పని మానేసింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే మామకు నూలు కండెలు చుట్టిపెడుతూ బతికింది. నన్ను బడి మాన్పించబోతే బాపుకు అడ్డం నిలబడింది ఆమే. మా ఇంట్లో అంతకు ముందు చదివినవాళ్లు లేరు.

కాలేజీలో మా కెమిస్ట్రీ మేడం ఒకరోజు విస్కీ తయారీ చెప్పింది. ఆదివారం కండెలు చుడుతున్న అత్తమ్మకు ఆ పాఠం అప్పజెప్పాను. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తారని, ఆరబెట్టి మర పట్టి వేడినీళ్లలో తీపి దింపుతారని, అది పులిసాక రాగి పాత్రల్లో కాచి చెక్క పీపాల్లో ఏండ్లకేండ్లు ఉంచుతారని చెప్పాను.

"ఏండ్లకేండ్లా? మీ మామ చల్లారేదాక ఆగడు!" అని నవ్వింది.

"స్కాట్లాండ్‌ల మొదాలు రైతులే ఇండ్లల్ల కాసుకునేదట అత్తమ్మా. సర్కారు పన్నేస్తె గుట్టల్ల దాక్కోని కాసిండ్రట."

"వాళ్ల కుండలు గూడ పలగ్గొట్టిండ్రా?"

"పలగ్గొట్టిండ్రట. తర్వాత లైసెన్సులిచ్చిండ్రు."

"అగో! మరి మా అమ్మకెందుకియ్యలే?"

ఆ ఏడు దసరాకు మామ ఎక్కడినుంచో సార తెచ్చుకున్నాడు. అత్తమ్మ ఎప్పటిలాగే రాయి మీద పోసి అగ్గిపుల్ల గీసింది. నీలంగా మండింది. తన చేత్తోనే గ్లాసులో పోసి ఇచ్చింది. తెల్లారి ఎండ వాకిట్లోకి వచ్చాక మామ లేచి, "ఇంకా దీపం పెట్టలేదేందే?" అన్నాడు. ఆయనకు చూపు పోయింది. దవాఖానకు తీసుకుపోతే తిరిగి రాలేదు. సారలో స్పిరిట్ కలిపారని డాక్టర్లు చెప్పారు.

"నువ్వు సదువుకున్నదానివి, చెప్పు బిడ్డా. మంట నీలంగనే లేశింది గద?" అని ఆమె నన్ను పట్టుకుని అడిగింది.

వార్నిష్‌లో వాడే స్పిరిట్ కూడా నీలంగానే మండుతుందని, ఆ మంటతో మంచిదో విషమో తెలియదని చెప్పాను. నీ తప్పు లేదన్నాను. "పోశింది నా చెయ్యే గదా" అంది. ఆ తర్వాత నేనెంత చెప్పినా ఒప్పుకోలేదు.

అప్పటినుంచి ఆమెకు తమ్ముడు కూడా అట్లే పోతాడేమోనని ఫికరే. సాయంత్రం సారకొట్టు ముందుకు పోయి బాపు కోసం నిలబడేది. లోపలున్నవాళ్లు "నీ అక్కొచ్చింది, పో, పాలు తాగిస్తది" అని ఎకసెక్కాలాడేవాళ్లు.

"జర ఇంటికి పోవే అక్కా, ఇజ్జత్ తీస్తున్నవ్. అగ్గిపుల్ల గీశి చూశే తాగుతున్న. నేర్పింది నువ్వే గద!"

"ఆ అగ్గే మీ బావను మింగింది తమ్మీ. నేను నేర్పింది తప్పురా. నీ కాల్మొక్కుత, ఇడిశిపెట్టు."

అక్క తమ్ముడి కాళ్లు మొక్కడం మాలో ఎక్కడా లేదు. నా కళ్ల ముందే ఆమె వంగింది. బాపు పక్కకు తప్పుకుని లోపలికి పోయాడు. జ్వరంతో మంచం పట్టాక కూడా ఆమె నన్ను చూసిన ప్రతిసారీ, "తమ్ముడు మానిండా?" అనే అడిగింది.

పిట్టకు పెట్టే రోజు, కాకి వచ్చి ముట్టాలని, ఆమెకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టాం. కాకి గోడ మీద వాలింది గానీ కిందికి దిగలేదు. పోయిన మనిషికి కోరిక మిగిలితే కాకి ముట్టదని మావాళ్ల నమ్మకం. "సార కాసిన చెయ్యి గద, అదే పెట్టుండ్రి, ముడుతది" అన్నారెవరో. బాపు తల అడ్డంగా ఊపాడు. విస్తరి ముందు కూలబడి చేతులు జోడించాడు.

"ఇగ తాగనే అక్కా. ఒట్టు. వచ్చి ముట్టు."

కాకి కదలలేదు. బాపు మళ్లీ అన్నాడు. గొంతు పగిలేలా అన్నాడు. ఒక్కొక్కరే లేచి నీడకు పోయారు. విస్తరి అంచుకు చీమలు పట్టాయి. బాపు మాత్రం ఎండలో అట్లే చేతులు జోడించి కూర్చున్నాడు. కాకి గోడ మీదనుంచి, మెడ పక్కకు వంచి, ఆయన్నే చూస్తూ ఉంది.