లోయ దాటిన ఈల

టర్కీలో నల్లసముద్రం ఒడ్డునే కొండలు నిలువుగా లేచే గిరెసున్ ప్రాంతం అది. విజయవాడ నుంచి వెళ్లిన నేనూ, మా ఆవిడ రజియా ఒక కొండపల్లెలో చిక్కుకుపోయాం. కిందికి వెళ్లే ఆఖరి వ్యాన్ వెళ్లిపోయింది. పైగా వాన.

ఓ ముసలావిడ మమ్మల్ని తన వసారాలోకి పిలిచి, "మిసాఫిర్" అంది నవ్వుతూ.

"మన ఉర్దూ మాటేనండీ! ముసాఫిర్, ప్రయాణికులు అంటోంది" అని రజియా సంబరపడింది.

వ్యాన్ కావాలని నేను చేతులతో స్టీరింగ్ తిప్పి చూపించాను. ఆవిడ నోట్లో వేళ్లు పెట్టి లోయ మీదుగా ఈల వేసింది. అవతలి కొండ నుంచి మరో ఈల బదులొచ్చింది. ఇటు నుంచి అటు నడవాలంటే సగం రోజు పడుతుంది కాబట్టి, తాతల కాలం నుంచీ అక్కడివాళ్లు ఈలలతోనే మాట్లాడుకుంటారట. డెల్టా చదునులో పెరిగిన నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను.

కాసేపటికి ఒక వ్యాన్ వచ్చింది. సంచులు పట్టుకుని పరిగెత్తబోతే డ్రైవర్ వచ్చీరాని ఇంగ్లీషులో ఆపాడు. "ఇప్పుడే కాదు. మీ భోజనాలయ్యాకే తీసుకెళ్లమని ఈవిడ ఈలలోనే చెప్పింది. మిసాఫిర్ అంటే మాకు ఇంటికొచ్చిన అతిథి."

"అయితే మనం ప్రయాణికులం కాదండీ, చుట్టాలం!" అంటూ రజియా సంచి కింద పెట్టేసింది.

డ్రైవర్ కూడా బూట్లు విప్పి, మొక్కజొన్న రొట్టె కోసం మా పక్కనే కూర్చున్నాడు.