‘రావొచ్చు’ అనేవాడు నాన్న

ఈ శ్రావణంలో నాన్న పోయాడు. ఖమ్మం దవాఖానాలో, తెల్లవారుతుండగా, బయట ముసురు పట్టి ఉంది. ఊరికి కబురు చెబుదామని బడికి ఫోన్ చేస్తే అటెండరు ఎత్తాడు. "సారు పోయిండా? ఖాయమేనా అమ్మా?" అన్నాడు. ఖాయమేనని చెప్పాను. మా ఇంట్లో ఆ మాట వినబడి చాలా ఏళ్లయింది.

నాన్న ఇంగ్లీషు టీచరు. మణుగూరు దాటాక, అడవికీ గోదావరికీ మధ్య ఉన్న ఊరు మాది. మిట్ట మీద బడి, పక్కనే మా ఇల్లు, కింద ఏటి ఒడ్డున గూడెం. "రేపొస్తరా సార్?" అని కిరాణా కొట్టాయన అడిగితే "రావొచ్చు" అనేవాడు నాన్న. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ అడిగితే "సరిపోయినట్టే ఉన్నది" అనేవాడు. "తింటున్నది మీరే గదా! అవ్ అనో కాదనో ఒక్క ముక్క రాదా మీ నోట్లె?" అని అమ్మ గరిటె ఆడించేది. నాకు వచ్చిన మొదటి సంబంధంవాళ్లు "అమ్మాయి మా ఇంట్ల కలిసిపోతది గదా సార్" అని మర్యాదకు అడిగారు. "కలిసిపోవచ్చు. కలవకపోవచ్చు గూడ. మీ ఇల్లు నేనింకా చూడలే గదా" అన్నాడు. వాళ్లు టీ తాగి లేచారు, మళ్లీ మా గడప తొక్కలేదు. తలుపు వెనక నిలబడి వింటున్న నాకు తల కొట్టేసినట్టయింది.

మొదట్నుంచీ ఆయన ఇలా లేడు. నేను ఏడో తరగతిలో ఉన్న వానాకాలం గోదావరి పెరుగుతోంది. ఒక సాయంత్రం గూడెంలోని అవ్వ ఒకామె తన ఎడ్లజతను మిట్ట మీదికి తోలుకొస్తూ మా వాకిట్లో ఆగింది. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఇంగ్లీషు పేపరు, పక్కన రేడియో.

"సారూ, నీళ్లొస్తయా?"

"రావు. ఖాయంగ రావు. నేను చెప్తున్న గదా, పోయి నిమ్మలంగ పండుకో."

చదువుకున్న మనిషి మాట. అవ్వ ఎడ్లను వెనక్కి మళ్లించి కొట్టంలో కట్టేసింది. తెల్లారేసరికి గూడెంలోకి నీళ్లొచ్చాయి. మనుషులందరూ మిట్టెక్కారు. కట్టేసిన ఎడ్లు మాత్రం కట్టుగొయ్యల దగ్గరే మునిగిపోయాయి.

నీళ్లు తీశాక నాన్న ఆమె గుడిసె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన నేనున్నాను. ఆమె తిడితే బాగుండుననిపించింది. "నువ్వొచ్చి కట్టేసినవా సారూ? మేమే కట్టుకున్నం" అంది, అంతే. మా ఆవుకు పుట్టిన కోడెదూడను నాన్న ఆమెకు తోలిచ్చాడు. అది ఎదిగి కాడి మోసేదాకా ఆ ఇంటివాళ్లు ఊళ్లో అడిగి తెచ్చిన ఎడ్లతో దున్నుకున్నారు.

ఆ తర్వాత ఏటా పదో తరగతిలో ఒక పాఠం వచ్చేది. జరగబోయేదాన్ని ఇంగ్లీషులో ఎంత నమ్మకంగా చెప్పాలో నేర్పే పాఠం. ఉత్త ‘మే’ అని వదిలేస్తే చాలదనేవాడు నాన్న. మైట్ పాసిబ్లీ, మే వెల్, విల్ ప్రాబబ్లీ, విల్ సర్టెన్లీ అని, ‘జరగొచ్చేమో’ నుంచి ‘ఖాయంగా జరుగుతుంది’ దాకా బోర్డు మీద మెట్లుమెట్లుగా రాసేవాడు. "‘విల్’ అన్నంక ‘ప్రాబబ్లీ’ అనొచ్చు. ‘వోంట్’ అనేటప్పుడు మాత్రం ‘ప్రాబబ్లీ’ ముందు రావాలె. లేదు అనే ముందు జర ఆగుర్రి" అనేవాడు. ఆపైన ఉదాహరణ. "ద వాటర్ విల్ సర్టెన్లీ నాట్ కమ్. నీళ్లు ఖాయంగ రావు అన్నది నేనే" అంటూ ఎడ్ల సంగతి మొదటినుంచీ చెప్పేవాడు.

నేను పదికి వచ్చిన ఏడు కూడా చెప్పాడు. క్లాసు క్లాసంతా నా వైపు తిరిగి చూసింది. అప్పట్నుంచి నేను ‘సర్టెన్లీ సారు బిడ్డ’ను. ఇంటికెళ్లి పుస్తకాల సంచీ విసిరికొట్టాను. "గైడ్ల అన్ని ఉదాహరణలుండంగ మన పరువు తీసేదే దొరికిందా నీకు?" అని ఏడ్చాను.

"గైడ్లవి ఎవరివో బిడ్డా. ఇది నాది" అన్నాడు. మర్నాడు పక్క సెక్షన్లోనూ అదే చెప్పాడు.

వాన బలిస్తే గొడుగు పట్టుకుని గూడెం వైపు దిగిపోయేవాడు. మళ్లీ క్షమాపణ చెప్పడానికే పోతున్నాడనుకునేదాన్ని. "నువ్వూ వస్తవా?" అని అడిగేవాడు. ఒక్కసారీ వెళ్లలేదు.

ఇప్పుడు నేనూ ఖమ్మంలో ఇంగ్లీషు టీచర్నే. అదే పాఠం, అవే మెట్లు. రైలు లేటవ్వొచ్చనీ, రేపు వాన పడొచ్చనీ గైడులో ఉన్నవే రాస్తాను. నాన్నది ఎన్నడూ చెప్పలేదు.

దవాఖానాలో చివరి రోజుల్లో "ఇంటికి పోతనా బిడ్డా?" అని అడిగాడు. కష్టమని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. "ఖాయంగ పోతవ్ నాన్నా" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అంత గట్టిగ అనకమ్మా. పోవచ్చు అను, చాలు." పిల్లలకు రోజూ నేర్పే మాట, కన్నతండ్రి అడిగితే అనలేకపోయాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

దినాల నాడు ఊళ్లో మా ఇంటికి ఆ ఎడ్ల అవ్వ వచ్చింది. బాగా వంగిపోయింది. అరుగు అంచున కూర్చుంది.

"గోదారి పెరిగినప్పుడల్లా వచ్చెటోడు బిడ్డా. ‘రావొచ్చు అవ్వా’ అని, మేం లేచేలోపు ఆయనే పలుపులు విప్పి గొడ్లను మిట్టకు తోలెటోడు. శానా సార్లు నీళ్లు రాలే. ఉత్తగ తిప్పలు పెట్టె సారు అని మా పోరగాళ్లు నవ్వెటోళ్లు. ఆయన గూడ నవ్వెటోడు."

తప్పు ఒప్పుకుని తిరిగే తండ్రి అని సిగ్గుపడ్డానే గానీ, ఆ గొడుగు కింద ఏం జరుగుతోందో ఒక్కనాడూ చూడలేదు.

పైన మబ్బు కమ్ముకొస్తోంది. కింద గోదావరి హోరు వినిపిస్తోంది. అవ్వ నా వైపు తిరిగింది. "సారు లేకపాయె. నువ్వూ గదే సదువు సదివినవ్ గదా. నీళ్లొస్తయా బిడ్డా?"

విస్తళ్లు వేస్తున్నారు. చుట్టాలందరూ నన్నే చూస్తున్నారు. రావులే, తిని పో అవ్వా, అనబోయి ఆగాను.

"రావొచ్చు అవ్వా" అన్నాను.

ఆమె కొంగు నెత్తిన కప్పుకుని మెట్లు దిగింది. మూలనున్న నాన్న గొడుగు తీసుకుని నేనూ వెనకే వెళ్లాను. అవ్వ కొట్టంలో పలుపుల ముడులు తడిసి బిగుసుకుపోయాయి. గోళ్లు నొప్పి పుట్టేదాకా విప్పాను. నాన్న తోలిచ్చిన కోడె ఇప్పుడు ముసలి ఎద్దు. దాన్ని తోలాల్సిన పని లేకపోయింది. మిగతావాటికి ముందు నడుస్తూ మిట్టెక్కి, వానలో మా వాకిట్లోకి వచ్చి, నాన్న కూర్చునే అరుగు ముందు ఆగింది.