అత్తమ్మ కొంగులో చింతగింజలు

మా అత్తగారిల్లు భోపాలపట్నంలో. చింతపండు వ్యాపారం. సంతలో కొన్నది బస్తాలకెత్తి లారీ ఎక్కిస్తం. నేను మాత్రం బళ్లో పదకొండో తరగతికి లెక్కలు చెప్త. అక్కడ హిందీలో ప్రాయికత, ఇంట్లో తెలుగులో సంభావ్యత. ఏ భాషలో చెప్పినా వినేవాళ్లు ఆవలిస్తరు.

మా పెద్దదానికి సికిల్ సెల్. రక్తంలో జబ్బు. చలి పెట్టినా, జ్వరమొచ్చినా కీళ్లు పట్టుకుని ఏడుస్తది. నా రక్తంలో ఒక పాలు, మా ఆయన రక్తంలో ఒక పాలు దాగుండి, మమ్మల్ని ఏం చెయ్యక, రెండూ కలిసి దాని మీద పడ్డయి. నేను మళ్లా నీళ్లోసుకున్నప్పుడు బీజాపూర్ డాక్టరమ్మ చెప్పింది: ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటది, పుట్టంగనే బిడ్డకు రక్తపరీక్ష చేయిస్తే, జబ్బుంటే మందులు ముందే మొదలుపెట్టొచ్చు.

బస్సు దిగకముందే అత్తమ్మ తేల్చేసింది. "నాలుగింట్ల ఒకటన్నది గదా! ఆ ఒకటి పెద్దదానికి పోయింది. ఇంక పరీక్షేంది? పసిగుడ్డును సూదితో పొడుస్తరా?"

మా షెడ్డులో అదే లెక్క మరి. నాలుగు బస్తాల్లో ఒకదాంట్ల రాళ్లున్నయని తెలిస్తే, అది దొరికేదాకా వెతుకుతం. దొరికినాక మిగతా మూడూ కళ్లు మూసుకుని కాటా మీద పెడతం. బస్తాలకైతే అది సరైనదే. కడుపులో బస్తాలు పేర్చి ఉండవు గదా! పైగా పెద్దది వింటుంటేనే అత్తమ్మ, "నా తల్లే, తమ్ముడి వాటా కూడా నువ్వే మోసినవే" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం, అష్టాచెమ్మా కోసం ఒక పక్క అరగదీసిన చింతగింజలు రెండు తెచ్చి ఆమె చేతిలో పెట్టిన.

"ఒకటి నాది, ఒకటి నీ కొడుకుది. రెండూ తెల్లగ పడితే జబ్బు. వెయ్యి అత్తమ్మా."

వేసింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మళ్లా వేసింది. రెండూ తెలుపు.

"అది పెద్దది," అన్నది తనే. "ఇంక పడదు."

"వెయ్యి మరి."

రెండూ తెలుపే పడ్డయి.

నిండు కడుపుతో ఆడాల్సిన ఆటనా ఇది! అత్తమ్మ ఆ గింజల దిక్కు చూస్తూ కూర్చున్నది.

"ఇందాక ఎట్ల పడ్డయో వీటికి యాదికుండదా?"

"ఉండదు అత్తమ్మా." పుస్తకంలో వీటినే స్వతంత్ర ఘటనలంటరు. అది ఆమెకు చెప్పలేదు.

"పాడు గింజలు," అని వాటిని కొంగున ముడేసుకున్నది.

తమ్ముడే పుట్టిండు. పరీక్షకు వాణ్ణి అత్తమ్మే ఎత్తుకుపోయింది. జబ్బు లేదని తేలింది. ఇంట్లో అందరి నోళ్లలో చక్కెర పోసింది. పెద్దది ఎగురుకుంటూ వచ్చింది.

"నేను తీసుకున్న గదా నానమ్మా, అందుకే తమ్ముడికి రాలేదు!"

దాని ముఖం వెలిగిపోతున్నది. అత్తమ్మ దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, నేను నేర్పిన పాఠమే దానికి చెప్పింది. "కాదు బిడ్డా. ఎవరి గింజలు వాళ్లయే. నీకు రాకున్నా వాడు ఇట్లనే పుట్టేటోడు."

పిల్ల నవ్వు ఆగిపోయింది.

"మరి నాయి ఎందుకట్ల పడ్డయి?"

అత్తమ్మ నా దిక్కు చూసింది, లెక్కల టీచరును గదా. నాకు ఏడుపొచ్చింది. నేను పిల్లను ఒళ్లోకి లాక్కున్న. అత్తమ్మ కొంగు ముడి విప్పి గింజలు రెండూ బయటికి విసిరేసింది.