బాపు చూసిన మాట

ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో సాంచెలు నడిపిన రాజమల్లుకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఆ మరమగ్గాల మోతలో అరిచినా వినపడదు, పనివాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసే మాట్లాడుకుంటారు. చెవులు సగం పోయాయి. గొంతు మాత్రం ఇంట్లో కూడా తగ్గనంటుంది.

ఆ రోజు కరెంటు లేక సాంచెలు ఆగాయి. ఇంట్లో అతనికి కాలు నిలవలేదు. బాగానే ఉన్న కొళాయిని విప్పి బిగించాడు. గడపకూ మంచానికీ మధ్య పదిసార్లు తిరిగాడు.

"పరీక్ష ఎట్ల రాసినవ్ బిడ్డా?"

ఎనిమిదో తరగతి చదివే నీరజ ఉలిక్కిపడింది. "ఠీక్ హై" అని, అతని వెనక నిలబడ్డ తల్లిని చూస్తూ, గొంతు పెగలనీయకుండా పెదవులు కదిపింది: "ఏమడిగినా తిట్టినట్టే ఉంటది. నాకు భయమైతది."

బాపుకు వినపడదనుకుంది. నిజమే, వినపడలేదు. చూశాడు.

చెప్పులేసుకుని పాండేసర రోడ్డు చివరిదాకా పోయాడు. చాయ్ చెప్పి, తాగకుండానే తిరిగొచ్చాడు. కూతురి ఎదుట నేలమీద కూర్చుని, చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు.

"నన్ను జూసి భయపడకు బిడ్డా."

సాంచెల ఇంటి పిల్ల, ఆమెకూ అర్థమైంది. మొహం పాలిపోయింది. తనూ పెదవులతోనే అడిగింది: "ఇన్నిరోజులు నేనన్నయన్నీ నీకు సమజైనయా బాపూ?"

రాజమల్లు తలూపాడు.

"గవన్నీ కోపంల అన్నయని ఊకున్న. ఇయ్యాల భయమన్నవ్."